రేకులో గాలి, రంగులో గాలి

మల్లెపువ్వు తెల్లగా కనిపిస్తుంది కానీ అందులో తెల్లరంగు అంటూ ఏమీ లేదు. ఒక రేకు తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి గట్టిగా నలపండి. ఆ తరవాత కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూడండి. నలిగినంత మేరా తెలుపు మాయమై, నూనె పడిన కాగితంలాగా అవతలి వెలుగు కనిపిస్తుంది. రేకులోంచి ఏ రంగూ కారిపోలేదు, వేలికి ఏ తెలుపూ అంటలేదు. పోయింది గాలి ఒక్కటే.

రేకు లోపలి కణాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉండవు. వాటి మధ్య వదులుగా ఖాళీలుంటాయి, ఆ ఖాళీల నిండా గాలి ఉంటుంది. కణంలో ఉన్నది చాలావరకు నీరే. వెలుగు నీటిలోంచి గాలిలోకి, గాలిలోంచి నీటిలోకి దాటే ప్రతిసారీ కొంత వెనక్కి మళ్లుతుంది, మిగిలింది దారి వంగి ముందుకు పోతుంది. రేకు మందం ఎంత తక్కువైనా అందులో ఇలాంటి సరిహద్దులు లెక్కకు మిక్కిలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న తేడా లేకుండా అన్ని రంగుల వెలుగూ సమానంగా చెదిరి మన కంటికి తిరిగి వస్తుంది కనక రేకు తెల్లగా కనిపిస్తుంది. నలిపినప్పుడు కణాలు చితికి, వాటి రసం ఆ ఖాళీలను నింపేస్తుంది. సరిహద్దులతో పాటు తెలుపూ పోతుంది. జపాన్ కొండల్లో డిఫిల్లియా గ్రేయి అనే మొక్క ఉంది. ఆ పేరులోని గ్రే హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే. దాని తెల్లపూలు వానకు తడిస్తే రేకుల అవతల ఉన్నది కనిపించేటంత పారదర్శకంగా మారిపోతాయి, ఆరాక మళ్లీ తెల్లబడతాయి. రేకులోని గాలిని నీరు తోసేసి ఆ చోటు ఆక్రమించడమే ఇందుకు కారణమని 2015లో వచ్చిన పరిశోధన చూపించింది.

రంగుపూలకూ ఇదే లెక్క. మందారపు ఎరుపు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది, బంతిపూల పసుపు కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. ఈ రంగు పదార్థాలు ఎక్కువగా రేకు పై పొర కణాల్లో ఉంటాయి. వాటి కిందనున్న గాలి ఖాళీలు వెలుగును తిరిగి పైకి పంపిస్తేనే ఆ రంగు వెలుగుతుంది. లేకపోతే తడిసిన గుడ్డలా నల్లబారి పడి ఉంటుంది.

పూలను చిత్రించేవాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. ట్యూబులోంచి తీసిన రంగు ఏదైనా ఏదో ఒక జిగురులో మునిగి ఉంటుంది, అంటే గాలి లేని రంగు అన్నమాట. పువ్వులో ఉన్నది గాలితో వెలిగే రంగు. అమెరికాలో పూలబొమ్మలు వేసేవాళ్లు కొందరు అడుగున ఆక్రిలిక్, పైన సాఫ్ట్ పాస్టెల్ వాడడానికి అసలు కారణం ఈ తేడాలోనే ఉందని నా నమ్మకం. ఒకటి ప్లాస్టిక్ పొర, రెండోది పొడి. రెండింటికీ పొసగదనిపిస్తుంది. కానీ వరస సరిగ్గా పాటిస్తే పువ్వుకు ఇంత దగ్గరగా వచ్చే జోడీ మరొకటి లేదు.

ముందు పాస్టెల్ సంగతి చూద్దాం. మన పిల్లలు బడిలో వాడే ఆయిల్ పాస్టెల్ వేరు, దాంట్లో నూనె, మైనం ఉంటాయి. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీలో ఉండేవి మూడే: వర్ణకపు పొడి, సుద్ద లాంటి తెల్లపొడి, ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచేందుకు చిటికెడు బంక. ఆ బంక ట్రాగకాంత్ చెట్టుజిగురు కావచ్చు, మిథైల్ సెల్యులోజ్ కావచ్చు. అది ఎంత తక్కువగా ఉంటుందంటే, కాగితం మీద గీయగానే కడ్డీ పొడై రాలి గరుకులో ఇరుక్కుంటుంది. గీసిన గీతలో ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. పదార్థంలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, నీటికి 1.33, ఆక్రిలిక్ ప్లాస్టిక్‌కు సుమారు 1.49, సుద్దకు సుమారు 1.6, తెల్లరంగుల్లో రాజైన టైటానియం డయాక్సైడ్‌కు 2.7. రెండు పదార్థాల గుణకాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే వాటి సరిహద్దు దగ్గర అంత ఎక్కువ వెలుగు వెనక్కి మళ్లుతుంది. సుద్ద రేణువు గాలిలో ఉంటే, దానికి ఎదురుగా వచ్చి తగిలిన వెలుగులో సుమారు 5 శాతం మొదటి సరిహద్దులోనే తిరిగి వస్తుంది. అదే రేణువు ఆక్రిలిక్‌లో మునిగి ఉంటే తిరిగి వచ్చేది 0.13 శాతం. అంటే నలభై రెట్లు తగ్గిపోయింది. వరసగా వందలాది రేణువులు ఉన్నాయనుకుంటే, మొదటిది తెల్లని పొడి, రెండోది కంటికి ఆనని జిగురు. సుద్దముక్కతో పలక మీద గీసిన గీత తడిస్తే మాయమై, ఆరితే మళ్లీ తేలడం మనందరం చిన్నప్పుడు చూసిందే. అక్కడ పని చేసిందీ ఈ లెక్కే.

టైటానియం తెలుపు సంగతి వేరు. ఆక్రిలిక్‌లో మునిగినా దాని సరిహద్దు దగ్గర 8 శాతం వెలుగు మళ్లుతుంది. గాలిలో అయితే 21 శాతం. అందుకే ఆక్రిలిక్ ట్యూబులో తెలుపు ఆరాక కూడా తెలుపుగానే మిగులుతుంది. పాస్టెల్ బొమ్మ మీద పొడి రాలకుండా పట్టే ఫిక్సేటివ్ అనే జిగురు కొట్టగానే లేత రంగులు కొన్ని ముదిరిపోతాయి, కొన్ని అంతగా మారవు. ఇదేమిటని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు బెంగపడతారు. సుద్దతో లేతబరిచిన కడ్డీ ముదురుతుంది, టైటానియంతో లేతబరిచింది నిలబడుతుంది. కొన్న ప్రతి పెట్టెలోంచీ లేత కడ్డీలు తీసి, ఒక పనికిరాని కాగితం మీద గీసి, సగానికి ఫిక్సేటివ్ కొట్టి చూసుకుంటే ఏది ఏ జాతిదో ఒక పూటలో తేలిపోతుంది.

అమెరికాలో పాస్టెల్‌కు పాత చరిత్రే ఉంది. 1762లో బోస్టన్‌లో ఉన్న ఇరవై నాలుగేళ్ల జాన్ సింగిల్టన్ కాప్లీ, మంచి పాస్టెల్ కడ్డీలు పంపమని అడుగుతూ జెనీవాలోని ప్రసిద్ధ పాస్టెల్ చిత్రకారుడు లియొటార్‌కు ఉత్తరం రాశాడు. అమెరికా అప్పటికింకా దేశం కూడా కాలేదు. 1880లలో విలియమ్ మెరిట్ చేజ్, రాబర్ట్ బ్లమ్ వంటివారు న్యూయార్క్‌లో పాస్టెల్ చిత్రకారుల సంఘం పెట్టి, 1884లో తొలి ప్రదర్శన జరిపారు. అది 1890 దాకానే నడిచింది. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో పుట్టిన లారా కూంబ్స్ హిల్స్ ఏనుగు దంతపు బిళ్లల మీద సూక్ష్మచిత్రాలు వేసి పేరు తెచ్చుకుంది. ఆ తరవాత పాస్టెల్ పట్టి, 1952లో చనిపోయేనాటికి పూలబొమ్మలకే ఎక్కువ ప్రసిద్ధురాలైంది. 1972లో ఫ్లోరా జిఫూనీ స్థాపించిన పాస్టెల్ సొసైటీ ఆఫ్ అమెరికా ఈనాటికీ న్యూయార్క్‌లో పని చేస్తోంది. చేజ్ పేరు గుర్తు పెట్టుకోండి, ఆయన శిష్యులిద్దరితో మనకు పని ఉంది.

ఆక్రిలిక్ కథ చిత్రకళలో మొదలవలేదు. 1901లో ఒట్టో రోమ్ అనే జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు ఆక్రిలిక్ ఆమ్లపు పాలిమర్ల మీద తన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసం రాశాడు. 1907లో ఒట్టో హాస్‌తో కలిసి ఆయన పెట్టిన కంపెనీ తోళ్లు మెత్తబరిచే పదార్థాలు అమ్మింది. 1909లో హాస్ ఫిలడెల్ఫియా చేరి అక్కడ శాఖ తెరిచాడు. 1933లో ప్లెక్సీగ్లాస్ అన్న పేరుతో గాజులాంటి ఆక్రిలిక్ పలక వచ్చింది. 1953లో ఫిలడెల్ఫియా కంపెనీ ఇళ్ల గోడల రంగుల కోసం నీటిలో కలిసే ఆక్రిలిక్ ఎమల్షన్‌ను బజారులోకి తెచ్చింది. రెండేళ్లకే సిన్సినాటిలో రంగుల తయారీదారు హెన్రీ లెవిసన్ ఆ మార్గంలోనే చిత్రకారుల కోసం లిక్విటెక్స్ తయారు చేశాడు. అంతకు ముందు 1940ల చివర న్యూయార్క్‌లో లెనర్డ్ బోకూర్, సామ్ గోల్డెన్ కలిసి మాగ్నా అనే ఆక్రిలిక్ చేశారు కానీ అది నీటితో కాక టర్పెంటైన్ వంటి ద్రావణులతో పలచబడేది. సామ్ గోల్డెన్ పదవీ విరమణ చేశాక ఊరుకోలేక, 1980లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే పల్లెలో పాత పశువుల కొట్టంలో కుటుంబంతో కలిసి గోల్డెన్ ఆర్టిస్ట్ కలర్స్ మొదలుపెట్టాడు. పాస్టెల్ కోసమే ప్రత్యేకంగా మెత్తటి ఇసుకపొడి కలిపి, అడుగు పూతగా వాడే ఆక్రిలిక్ గ్రౌండ్‌ను తయారుచేసిన కంపెనీల్లో అదొకటి.

ఆక్రిలిక్ రంగు ఆరడం అంటే నీరు ఇగిరిపోవడం ఒక్కటే అనుకుంటే సగమే నిజం. ఆ పాలలాంటి ద్రవంలో మైక్రాన్‌లో పదోవంతు స్థాయి పాలిమర్ గోళాలు తేలుతుంటాయి. నీరు పోతున్న కొద్దీ అవి దగ్గరకు జరిగి, ఒత్తుకుని, ఆకారం కోల్పోయి, చివరకు ఒకదాంట్లోకి ఒకటి కరిగి ఒకే పొరగా మారతాయి. మారాక ఇక నీరు దాన్ని కరిగించలేదు. తడిగా ఉన్నప్పుడు గోళాలకూ నీటికీ మధ్య సరిహద్దులు ఉంటాయి కాబట్టి రంగు కాస్త పాలిపోయి కనిపిస్తుంది, ఆరాక సరిహద్దులు పోయి ముదురుతుంది. మరీ చలిగా ఉంటే గోళాలు గట్టిపడి కలవవు, పొర పొడిపొడిగా రాలుతుంది. సుమారు 9 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలిలో వీటిని వాడకూడదు. మినెసోటాలో జనవరిలో గరాజ్‌లో కూర్చుని బొమ్మ వేయాలనుకునేవాళ్లకు ఇది పెద్ద విషయం.

ఆక్రిలిక్ ఒక్కదానితో పూలు వేయలేమా అంటే ఎందుకు వేయలేం? 1964లో ఆండీ వార్హోల్ వేసిన పూలు ప్రపంచమంతా తెలుసు. అవి మన మందారాలే. ఆ ఏడాది జూన్ నెల మోడర్న్ ఫొటోగ్రఫీ పత్రికలో ప్యాట్రీషియా కాల్‌ఫీల్డ్ తీసిన మందారాల ఫొటో వచ్చింది. వార్హోల్ అడగకుండానే దాన్ని తీసుకుని, ఆక్రిలిక్ రంగుల మీద సిల్క్ స్క్రీన్‌తో అచ్చువేశాడు. ఆమె 1966లో దావా వేసింది, చివరకు రాజీ కుదిరింది. ఆ పూలు చదునుగా, పోస్టర్ కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంటాయి. వార్హోల్‌కు కావలసింది కచ్చితంగా ఆ చదునే. ఆక్రిలిక్ అందుకు సరిగ్గా ఒదిగింది, ఎందుకంటే దాని పొరలో గాలి లేదు, రేణువుల మధ్య నీడల్లేవు. కానీ ఆ మందారం మీద వేలు పెడితే మెత్తగా తగులుతుందని ఎవరికీ అనిపించదు.

రేకును ముట్టుకోవాలనిపించే ఆ మెత్తదనం ఎక్కడిది? సూక్ష్మదర్శినిలో చాలా పూల రేకుల పై పొర నున్నగా ఉండదు, శంకువుల్లాంటి కణాలు బారులు తీరి ఉంటాయి. స్నాప్‌డ్రాగన్ మొక్కలో ఒక జన్యువు చెడితే ఆ శంకువులు పోయి కణాలు చదునవుతాయని, రంగు పదార్థం అంతే ఉన్నా పువ్వు లేతగా, జీవం లేకుండా కనిపిస్తుందని 1994లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. శంకువు నున్నటి మెరుపును తగ్గించి, వెలుగును లోపలి రంగు దగ్గరకు మళ్లిస్తుంది. తరవాత 2009లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి కనిపెట్టారు. ఏటవాలు రేకుల మీద బంబుల్‌బీలు కాలు జారకుండా పట్టు దొరికేది ఈ శంకువుల వల్లే. రేకులో గరుకు ఒక్కటే, అది చేసే పనులు రెండు: రంగును పండించడం, పట్టు ఇవ్వడం.

పాస్టెల్ గ్రౌండ్ చేసే పనీ అదే. అందుకే ఇసుకపొడి కలిపిన ఆక్రిలిక్ పూత చూస్తే నాకు రేకు పై పొరే గుర్తొస్తుంది. దాని లోయల్లో పొడి ఇరుక్కుంటుంది, శిఖరాల మీద కడ్డీ అరుగుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే మెరుపు లేని ఆక్రిలిక్ జిగురు, అంటే మాట్ మీడియం, రెండు పాళ్లు, మెత్తటి ప్యూమిస్ రాయి పొడి ఒక పాలు, కుంచె సాఫీగా నడిచేటన్ని నీళ్లు కలిపితే చాలు. నీళ్లు మరీ ఎక్కువైతే పాలిమర్ గోళాలు దూరదూరంగా ఉండిపోయి పొర బలహీనపడుతుంది, తరవాత గోరు తగిలితే ఊడుతుంది. మెరిసే రకమైన గ్లాస్ మీడియం మాత్రం వాడకండి. నున్నటి ప్లాస్టిక్ మీద పాస్టెల్ ఒక్క పూట కూడా నిలవదు. కాగితం చదరపు మీటరుకు 300 గ్రాముల నీటిరంగుల కాగితమైతే మేలు. తడికి వంకర పోకుండా బోర్డుకు నాలుగు వైపులా టేపు వేసుకోవాలి.

ఇక బొమ్మలోకి వద్దాం. చేజ్ శిష్యుల్లో ఒకరు జార్జియా ఒకీఫ్. 1907, 1908లలో న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో ఆయన దగ్గర చదువుకుంది. టెక్సస్‌లోని అమరిల్లో, కాన్యన్‌లలో పాఠాలు చెప్పింది. 1929 నుంచి న్యూ మెక్సికో ఎడారి ఆమెను పట్టుకుంది. అక్కడ ఆమె ఎన్నిసార్లో వేసిన తెల్లపువ్వు వినాయక చవితి పత్రిలో మనం పెట్టుకునే ఉమ్మెత్త జాతిదే. సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రిపూట పెద్ద మాత్‌లు దాని తేనెకు వస్తాయి, మొక్కంతా విషమే. 1932లో నూనెరంగుల్లో ఆమె వేసిన ఉమ్మెత్త పువ్వు 2014లో 4 కోట్ల 44 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, ఆర్కాన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం చేరింది. ఒకీఫ్ పాస్టెల్‌నూ దశాబ్దాల పాటు వాడింది. ఆ పువ్వును మన జోడీలో వేద్దాం.

మొదట ఆక్రిలిక్. పువ్వు చుట్టూ ఉన్న చీకటి, ఆకుల కింద నీడ, గొట్టం లోపలి లోతు అన్నీ ఇప్పుడే వేసేయాలి. కారణం ఉంది. వదులు పొడి మీద పడిన వెలుగు ఎంత ముదురు వర్ణకమైనా పైనే కొంత చెదిరి తిరిగి వస్తుంది, అందుకే పాస్టెల్‌లో నలుపు నిండు నలుపుగా ఉండదు. ఆక్రిలిక్‌లో వెలుగు పొర లోపలికి దిగి అక్కడే ఇంకిపోతుంది, కనక లోతు దాని సొత్తు. థాలో గ్రీన్‌లో క్వినాక్రిడోన్ మెజెంటా కలిపితే నల్లట్యూబు అవసరం లేకుండానే ప్రాణమున్న చీకటి వస్తుంది. పువ్వు ఉండే చోట తెలుపు వేయకండి. లేత ఊదా, కాస్త ఆకుపచ్చ కలిసిన పలచటి పూత వేయండి. పైన వచ్చే తెలుపుకు అది నీడ అవుతుంది.

ఆరాక గ్రౌండ్ పూత. కుంచెను రేకు పెరిగే దిక్కుగా, గొంతు నుంచి అంచుకు లాగండి. ఆ గీతల గరుకు తరవాత రేకు ఈనెలై తేలుతుంది. ఒకరోజు ఆరనివ్వండి. చేతికి ఆరినట్టు అనిపించేది నిమిషాల్లోనే, కానీ లోపలి తడి పూర్తిగా పోవడానికి ఇంకా చాలా సమయం పడుతుంది.

ఇప్పుడు పాస్టెల్. గట్టి కడ్డీలతో మొదలుపెట్టి మెత్తటివాటితో ముగించాలి. మెత్తటివి ముందే పడితే లోయలన్నీ ఒక్కసారే నిండిపోయి, తరవాతి రంగుకు చోటుండదు. నీడ ఉన్న రేకు మీద లేత నీలం, దాని పక్కన వెచ్చటి బూడిదరంగు, ఆకు వెలుగు పడే చోట పసుపు ఛాయ. అసలు తెల్ల కడ్డీని చివరి దాకా ముట్టుకోకండి. ముట్టుకున్నప్పుడు ఒక్క గీత, అంచు మీద, కాస్త ఒత్తి. వేలితో రుద్దకండి. రుద్దితే పొడి లోయల్లోకి దిగి అణిగిపోతుంది, రేణువుల మధ్య గాలి తగ్గుతుంది, నలిపిన మల్లెరేకుకు ఏమైందో దీనికీ అదే అవుతుంది. నీడల్లో మెత్తగా కలపాలంటే రుద్దవచ్చు, వెలుగున్న చోట మాత్రం గీసింది గీసినట్టే వదిలేయాలి.

చేజ్ రెండో శిష్యుడు జూలియన్ ఆండర్‌డాంక్. శాన్ ఆంటోనియో కుర్రాడు, 1901లో లాంగ్ ఐలండ్‌లో చేజ్ వేసవి బడికి వెళ్లి, తిరిగొచ్చి టెక్సస్ నీలిపూల పొలాలు వేసి 1922లో నలభై ఏళ్లకే పోయాడు. డల్లాస్, ఆస్టిన్ వైపు తెలుగు కుటుంబాలు మార్చి నెలాఖరుకు పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీసే బ్లూబానెట్లు ఇవే. ఈసారి వెళ్లినప్పుడు మోకాళ్ల మీద కూర్చుని ఒక కంకిని దగ్గరగా చూడండి. ఒక్కో పువ్వు పైరేకు మీద తెల్లమచ్చ ఉంటుంది. ఐదారు రోజులు గడిచిన పువ్వులో ఆ మచ్చ ఎర్రటి ఊదాకు తిరుగుతుంది. అందులో తేనెటీగలకు పెద్దగా పుప్పొడి మిగలదు, అవి తెల్లమచ్చ ఉన్న పూల దగ్గరికే పోతాయి. బొమ్మలో దీన్ని చూపడానికి మన జోడీ ఎంత చక్కగా పనికొస్తుందో చెప్పలేను. పొలమంతా ఆక్రిలిక్ నీలం, ఊదా పొరలతో నింపి, కంకి కింది పూలకు మెజెంటా చుక్కలు, పైపూలకు తెల్ల చుక్కలు పాస్టెల్‌తో పెడితే, నీలం లోపలికి పోతుంది, తెలుపు ముందుకు వస్తుంది. ఒక్క నూనెరంగుతో ఆ ఎడం తేవడానికి ఆండర్‌డాంక్ ఎంత కష్టపడ్డాడో ఆయన పొలాలు చూస్తే తెలుస్తుంది.

వరస తిరగేసి పాస్టెల్ మీద ఆక్రిలిక్ వేస్తే ఏమవుతుంది? పలచటిదైతే పొడిలోకి ఇంకి, సుద్దను మాయం చేసి, లేత రంగులను బురదలా మారుస్తుంది. చిక్కటిదైతే పొడి పైన పొరలా కూర్చుంటుంది. పొడికి అడుగున పట్టు లేదు కాబట్టి ఆ పొర ఏదో ఒకరోజు చర్మంలా లేస్తుంది. మధ్యలో సరిదిద్దుకోక తప్పకపోతే ఆ చోట పాస్టెల్‌ను గట్టి కుంచెతో దులిపి, ఆక్రిలిక్ వేసి, మళ్లీ గ్రౌండ్ పూసి రావాలి. పాస్టెల్ సంఘాల పోటీలకు పంపే ఆలోచన ఉంటే ముందే నియమాలు చదవండి. చాలా చోట్ల అడుగు పూత దేనితోనైనా ఒప్పుకుంటారు కానీ, పైన ప్రధానంగా పాస్టెలే కనిపించాలంటారు.

పూలబొమ్మలకు ఇంకో శత్రువు ఎండ. గులాబీకీ కాగితంపూలకూ కావలసిన గులాబీ, మెజెంటా రంగుల్లో పాతవి చాలావరకు వెలిసేవే. డెలావేర్‌లోని విల్మింగ్టన్ కేంద్రంగా ఉన్న డ్యూపాంట్ కంపెనీ 1958లో క్వినాక్రిడోన్ వర్ణకాలను మార్కెట్లోకి తెచ్చాక ఆ బెంగ చాలా తగ్గింది. కార్ల రంగులకు ఎండలో నిలిచే ఎరుపులు కావలసి వచ్చాయి, వాటితో పాటు చిత్రకారుల గులాబీలు కూడా నిలబడ్డాయి. నిలవని రంగు ఏం చేస్తుందో హార్వర్డ్‌లో చూశారు. మార్క్ రోత్కో అక్కడి ఒక భోజనశాలకు వేసిన ఐదు పెద్ద చిత్రాల్లో లిథాల్ రెడ్ అనే వర్ణకం వాడాడు. 1964లో తగిలించారు. నిలువెత్తు కిటికీల ఎండకు ఎరుపు పోయి నీలం మిగిలింది, 1979లో వాటిని దించి దాచేయవలసి వచ్చింది. 2014లో వాటి మీద లెక్క కట్టిన రంగుల వెలుగును ప్రొజెక్టర్‌తో వేసి, పోయిన ఎరుపును చూపించారు. పాస్టెల్‌లో రేణువును కప్పే జిగురు లేదు కాబట్టి, అక్కడ వర్ణకం ఎంపిక మరింత ముఖ్యం. అలా కప్పే జిగురు లేకపోవడంలో లాభమూ ఉంది, పచ్చబడడానికి వార్నిష్ అంటూ ఏదీ ఉండదు. కాప్లీ కాలపు పాస్టెల్ ముఖాలు ఇంకా నిగనిగలాడుతున్నాయంటే అదే కారణం. మీ గులాబీ, ఊదా కడ్డీలన్నింటినీ ఒక కాగితం పట్టీ మీద గీసి, సగం అట్టతో మూసి, దక్షిణపు కిటికీలో ఒక వేసవంతా ఉంచండి. అట్ట తీసి చూస్తే దేన్ని పారేయాలో తెలుస్తుంది.

పొడి గురించి గట్టిగా చెప్పాలి. కాడ్మియం, కోబాల్ట్ ఉన్న వర్ణకాలు ఆక్రిలిక్‌లో ప్లాస్టిక్ పొరలో బందీలుగా ఉంటాయి. పాస్టెల్‌లో అవి గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. గ్రౌండ్‌ను రుద్ది నునుపు చేస్తే అందులోని ఇసుకపొడీ లేస్తుంది. బొమ్మ మీద నోటితో ఊదడం చాలామందికి అలవాటు, అది మానుకోండి. బోర్డును కాస్త ముందుకు వంచి, కింద తడిగుడ్డ పరచండి, రాలినది దాని మీద పడుతుంది. ఎన్95 మాస్క్ పెట్టుకోండి, చీపురుతో కాక తడిగుడ్డతో నేల తుడవండి, పసిపిల్లలు పాకే గదిలో పాస్టెల్ పని పెట్టుకోకండి. దీర్ఘకాలిక హాని చేసే చిత్రసామగ్రి మీద హెచ్చరిక అచ్చువేయాలని అమెరికాలో 1988 నాటి చట్టం ఉంది, కొనేటప్పుడు ఆ అచ్చు చదవండి.

చివరగా ఫ్రేము. ఇక్కడ రోమ్ గారి ఆక్రిలిక్ మనకు ఎదురు తిరుగుతుంది. ప్లెక్సీగ్లాస్ తేలిక, పగలదు, అందుకని ఫ్రేముల దుకాణాల్లో దాన్నే ముందు చూపిస్తారు. కానీ తుడవగానే దాని మీద స్థిరవిద్యుత్తు పుడుతుంది, అది పాస్టెల్ పొడిని తనవైపు లాగుతుంది. నెల తిరిగేసరికి పలక లోపలి వైపు మీ పువ్వు నీడ పేరుకుంటుంది. స్థిరవిద్యుత్తు పట్టని పూత వేసిన ఖరీదైన ఆక్రిలిక్ పలకలు ఉన్నాయి, పెద్ద బొమ్మలకు మ్యూజియంలు అవి వాడతాయి. ఇంటి బొమ్మకు గాజే మంచిది. గాజుకూ బొమ్మకూ మధ్య స్పేసర్ పెట్టించి కనీసం పావు అంగుళం ఎడం ఉంచమనండి. రాలిన పొడి మౌంట్ అట్ట మీద పడకుండా దాని వెనక సన్నటి సందు కూడా అడగండి. డల్లాస్ నుంచి అట్లాంటాకు కారులో తీసుకువెళ్లవలసి వస్తే నిలబెట్టకండి, ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టి, కింద మెత్తటి దుప్పటి పరచండి.